ముందు కంప్రెషన్ కొలిపించండి: మాజ్దా ఆర్‌ఎక్స్-8 కొత్త యజమానులకు బహిరంగ లేఖ

మాజ్దా ఆర్‌ఎక్స్-8 కొనాలని చూస్తున్నవారికి, ఈమధ్యే కొని తెచ్చుకున్నవారికి, దాని బానెట్ మొదటిసారి ఎత్తబోతున్న మెకానిక్‌లకు నమస్కారం.

ఈ కారు 2003లో అమ్మకానికి వచ్చింది, 2012 జూన్‌లో తయారీ ఆగిపోయింది. ఈ తొమ్మిదేళ్ళలో దాదాపు 1,92,000 బండ్లు తయారయ్యాయి. చివర్లో జపాన్‌లో స్పిరిట్ ఆర్ పేరుతో ముందు వెయ్యి, అడిగేవాళ్ళు ఎక్కువయ్యేసరికి ఇంకో వెయ్యి అమ్మారు. ఆ తర్వాత రోటరీ (పిస్టన్లకు బదులు మూడు మూలల రోటర్లు తిరిగే) ఇంజన్‌తో నడిచే స్పోర్ట్స్ కారు షోరూముకు రాలేదు. 2023లో మరో మాజ్దా కారు ఎంఎక్స్-30తో రోటరీ మళ్ళీ వచ్చింది గానీ అది చక్రాలను తిప్పదు, జనరేటర్‌ను తిప్పుతుంది. అంటే రోడ్డు మీద మిగిలినవే మిగిలాయి, కొత్తవి రావు.

అయినా పాత బండ్ల మార్కెట్లో ఇది ఇంత చవకగా దొరుకుతోందంటే కారణం ఒక్కటే మాట: ‘‘ఆ ఇంజన్ పోతుందట.’’ పోతుంది, అబద్ధం కాదు. డిజైన్‌లోనే కొన్ని లోటుపాట్లున్నాయి, వాటినీ చెబుతాం. కానీ పాడైన ఇంజన్లు విప్పి చూసినప్పుడు మాకు ఎక్కువగా కనిపించేది వేరు. పిస్టన్ ఇంజన్‌కు చేసే సేవలన్నీ చేసి, దీనికి కావలసినవి మాత్రం చేయకుండా వదిలేసిన ఆనవాళ్ళు కనిపిస్తాయి. ఈ ఉత్తరం వాటి గురించే.

ముందు ఇది కొనదగ్గ కారు ఎందుకయిందో నాలుగు మాటలు. రోటరీ ఇంజన్ చిన్నది, పొట్టిది. అందుకని దాన్ని ముందు ఇరుసుకు వెనక, బాగా కిందికి దించి కూర్చోబెట్టారు. బరువు ముందూ వెనకా సగం సగం. మొత్తం బరువు 1,300 కిలోల పైచిలుకు. ముందు డబుల్ విష్‌బోన్, వెనక మల్టీలింక్ సస్పెన్షన్, అల్యూమినియం బానెట్. ఆరు గేర్ల మాన్యువల్ బండిలో ప్రొపెల్లర్ షాఫ్ట్ కార్బన్ ఫైబర్‌ది. మధ్య స్తంభం లేదు, వెనక తలుపులు వెనక్కి తెరుచుకుంటాయి, వెనక సీట్లలో పెద్దవాళ్ళు నిజంగానే కూర్చోగలరు. నలుగురు పట్టే స్పోర్ట్స్ కార్లు ఇంకా ఉన్నాయి గానీ నలుగురు ఎక్కినా మూల తిరగడంలో సోకు తగ్గనివి తక్కువ. రూపం ఇచ్చింది ఇకువో మాయెదా. మొదటి ఆర్‌ఎక్స్-7 గీసిన మతసబురో మాయెదా ఈయన తండ్రే. ఇక ఇంజన్ సంగతి: ఆరు గేర్ల మాన్యువల్‌లో ముల్లు 9,000 దాకా వెళ్తుంది, ఆ చివరి వెయ్యిలోనూ వణుకు ఉండదు. రెడ్‌లైన్ దగ్గరపడిందని బీప్ కొట్టి గుర్తు చేయాల్సి వచ్చిందంటేనే అర్థం చేసుకోండి, చెవికి ఆ సంగతి తెలియదు.

లేనివి కూడా ముందే చెబుతాం. కింది ఆర్‌పీఎంలో లాగుడు లేదు. గరిష్ఠ టార్క్ 211 న్యూటన్ మీటర్లు, అదీ 5,500 దగ్గర. యూరప్ అధికారిక లెక్కల్లోనే మైలేజీ లీటరుకు తొమ్మిది కిలోమీటర్ల లోపు, సిటీలో ఇంకా తక్కువ. ఈ రెండూ ఇష్టం లేకపోతే ఇంకో కారు చూసుకోవడమే మంచిది, మార్చడానికి కుదిరేవి కావు.

ఇప్పుడు లోపలి సంగతి, అవసరమైనంత వరకే. రెండు రోటర్లు, ఒక్కో దానికి 654 సీసీ, వెరసి 1,308 సీసీ. వాల్వులు, క్యామ్‌లు, టైమింగ్ బెల్టు ఏవీ లేవు. మూడు మూలల రోటర్ ఒక చుట్టు తిరిగేసరికి రోటర్లు తిప్పే ఎక్సెంట్రిక్ షాఫ్ట్ మూడు చుట్లు తిరుగుతుంది. అంటే మీటరు 9,000 చూపిస్తున్నా రోటర్ తిరిగేది నిమిషానికి 3,000 చుట్లే. రోటర్ మూడు మూలల్లో నిలువునా ఉండే పలకలు అపెక్స్ సీల్స్. అవి హౌసింగ్ గోడను రాసుకుంటూ తిరుగుతాయి. పక్కల నుంచి గ్యాస్ జారిపోకుండా ఆపేవి సైడ్ సీల్స్. పిస్టన్ ఇంజన్‌లో రింగులకు కింద నుంచి ఆయిల్ చిమ్ముతుంది. ఇక్కడ ఆ దారి లేదు. కాబట్టి మీటరింగ్ పంపు ఒకటి ఇంజన్ ఆయిల్‌నే తీసి, కొద్దికొద్దిగా హౌసింగ్ లోపలికి వదులుతుంది. ఆ ఆయిల్ అపెక్స్ సీల్స్‌ను తడిపి, పెట్రోల్‌తో పాటు కాలిపోతుంది. ఆయిల్ తగ్గడం ఈ ఇంజన్‌కు జబ్బు కాదు. తగ్గకపోతేనే అనుమానించాలి.

ఆర్‌ఎక్స్-7లో పొగ బయటికి పోయే రంధ్రం హౌసింగ్ చుట్టుగోడలో ఉండేది. ఆర్‌ఎక్స్-8లోని రెనెసిస్ ఇంజన్‌లో దాన్ని పక్క పలకల్లోకి మార్చారు. దాంతో లోపలికి వచ్చే గాలి, బయటికి పోయే పొగ ఒకే సమయంలో కలిసే ఓవర్‌ల్యాప్ పోయింది, ఐడిల్ నిలకడగా మారింది, కాలుష్యం తగ్గింది. 2003లో ‘ఇంటర్నేషనల్ ఇంజన్ ఆఫ్ ది ఇయర్’ బహుమతి దీనికే వచ్చింది. అందుకు చెల్లించిన మూల్యం కూడా ఉంది: వేడి పొగ ఇప్పుడు సైడ్ సీల్స్ మీదుగా పోతుంది, అక్కడ మసి పేరుకుంటుంది. మసి గట్టిపడితే సీల్ తన గాడిలో కదలదు, కదలని సీల్ గ్యాస్‌ను ఆపదు.

ఇక కొనేముందు చేయాల్సిన పని. కంప్రెషన్, అంటే ఇంజన్ గదుల్లో గాలి నొక్కుకుని చేరే ఒత్తిడి, కొలిపించకుండా ఆర్‌ఎక్స్-8 కొనకండి. రంగు బాగుంది, సీట్లు బాగున్నాయి, అమ్మేవాడు మంచివాడు అనేవన్నీ తర్వాత. ఆ పరీక్షకయ్యే ఖర్చు దగ్గర వెనకాడితే ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టే.

మామూలు కంప్రెషన్ గేజ్ దీనికి పనికిరాదు. ఒక్కో రోటర్‌కు మూడు ముఖాలు, మూడు గదులు. మామూలు గేజ్ ఆ మూడింట్లో అన్నిటికంటే ఎక్కువున్న ఒక్క అంకెను పట్టుకుని ఆగిపోతుంది. మిగతా రెండు గదులు చచ్చిపోయినా అది చెప్పదు. రోటరీకి ప్రత్యేకమైన టెస్టర్ కావాలి. అది రోటర్‌కు మూడు చొప్పున ఆరు అంకెలు, వాటితో పాటు స్టార్టర్ ఎంత వేగంతో తిప్పిందో కూడా ఇస్తుంది. ఇంజన్ పూర్తిగా వేడెక్కాకే పరీక్ష చేయాలి. చల్లటి ఇంజన్ మీద తీసిన అంకెలు మిమ్మల్ని మోసం చేస్తాయి. బ్యాటరీ పూర్తి చార్జిలో ఉండాలి, యాక్సిలరేటర్ నేలకు తొక్కి ఉంచాలి, పెట్రోల్ లోపలికి పోకుండా ఆపాలి, ఐదు నుంచి పది సెకన్లు తిప్పాలి.

వచ్చిన అంకెలను 250 ఆర్‌పీఎం లెక్కకు సరిచేసి చూడాలి. మాజ్దా సర్వీసు పుస్తకం ప్రకారం బాగున్న ఇంజన్‌కు 8.5, కనీసం 6.9 ఉండాలి (చదరపు సెంటీమీటరుకు కిలోల్లో). ఒకే రోటర్‌లోని గదుల మధ్య తేడా 1.5 దాటకూడదు, రెండు రోటర్ల మధ్య తేడా 1.0 దాటకూడదు. అంకెలు ఎక్కడ పడిపోయాయో చూస్తే లోపల ఏం జరిగిందో చాలావరకు చెప్పొచ్చు. ఉదాహరణకు ముందు రోటర్ 7.6, 7.5, 7.7, వెనక రోటర్ 7.4, 5.1, 5.3 వచ్చాయనుకోండి. పక్కపక్కన ఉన్న రెండు గదులు కలిసి పడిపోయాయి. వాటి మధ్య గోడ అపెక్స్ సీల్, కాబట్టి దాన్నే ముందు అనుమానించాలి. ఒక్క గదే పడిపోతే సైడ్ సీల్ వైపు చూడాలి. ఒక రోటర్‌లో మూడూ తక్కువైతే ఆ హౌసింగ్ లేదా పక్క పలక అరిగి ఉంటుంది. ఆరూ సమానంగా తక్కువైతే తొందరపడకండి. ముందు స్టార్టర్ వేగం చూడండి. 200 ఆర్‌పీఎం వద్ద తీసిన అంకెను సరిచేయకుండా చదివితే మంచి ఇంజన్ కూడా చెడ్డదానిలా కనిపిస్తుంది. సముద్రమట్టానికి బాగా ఎత్తులో ఉన్న ఊళ్ళో తీసినా అంకెలు తగ్గుతాయి, ఆ సవరణ కూడా చేయించండి.

టెస్టర్ అందుబాటులో లేకపోతే కనీసం ఒక పని చేయొచ్చు. బండిని అరగంట బాగా నడిపి, ఆపి, పది నిమిషాలు ఆగి మళ్ళీ స్టార్ట్ చేయండి. చల్లగా ఉన్నప్పుడు టక్కున అందుకుని, వేడి మీద మాత్రం చాలాసేపు తిరిగి తిరిగి అందుకుంటే కంప్రెషన్ తగ్గిందనడానికి అది మొదటి గుర్తు. అమ్మేవాళ్ళు ఈ లక్షణాన్ని కప్పిపుచ్చడానికి బలమైన కొత్త స్టార్టర్ వేయిస్తారు. కొత్త స్టార్టర్ ఉండటం తప్పేం కాదు, పైగా మంచిదే. ఎందుకంటే తొలి సంవత్సరాల స్టార్టర్ నెమ్మది. తర్వాత మాజ్దాయే వేగంగా తిప్పేదాన్ని తెచ్చింది. కానీ కొత్త స్టార్టర్ ఉన్న బండికి కాగితం మీద ఆరు అంకెలు అడగడం మరీ అవసరం.

కొన్నారు. ఇప్పుడు మొదటి అలవాటు ఆయిల్. పెట్రోల్ రెండుసార్లు పోయించినప్పుడల్లా ఒకసారి డిప్‌స్టిక్ చూడాలి. సమతలంగా ఉన్నచోట బండి ఆపి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. 1,500 కిలోమీటర్లకు ఓ లీటరు పడితే కంగారు పడనక్కర్లేదు. మీరు ఎంత గట్టిగా తొక్కితే అంత పడుతుంది. ఆయిల్ మార్పు పుస్తకంలో రాసిన గడువు కన్నా ముందే, 5,000 కిలోమీటర్లకు ఒకసారి చేయండి. యూరప్‌లో మాజ్దా చెప్పిన గ్రేడు 5డబ్ల్యూ-30, అమెరికాలో 5డబ్ల్యూ-20. వేడి ప్రాంతాల్లో, గట్టిగా నడిపేవాళ్ళు కొంచెం చిక్కటిది వాడతారు, మేమూ ఆ పక్షమే.

మెకానిక్‌లు ఇక్కడ చేసే పొరపాటు ఒకటుంది. డ్రెయిన్ ప్లగ్ విప్పితే కిందికి దిగేది ఇంజన్‌లోని ఆయిల్‌లో సుమారు సగమే. మిగతాది ముందున్న ఆయిల్ కూలర్లలో, వాటి గొట్టాల్లో ఉండిపోతుంది. మొత్తం కెపాసిటీ చూసి అన్ని లీటర్లూ పోసేస్తే ఎక్కువైపోతుంది. ఎక్కువైన ఆయిల్ ఆవిరి గొట్టం గుండా గాలి దారిలోకి వచ్చి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా అడుగున మడుగు కడుతుంది. ముందు మూడు లీటర్లు పోసి, ఇంజన్ తిప్పి, ఆపి, డిప్‌స్టిక్ చూస్తూ మిగతాది కొద్దికొద్దిగా పోయండి. ఫిల్టర్ ఇంజన్ పైభాగంలో ఉంటుంది. విప్పేటప్పుడు కింద గుడ్డ చుట్టకపోతే ఆయిల్ కారి వేడి భాగాల మీద పడి, వారం రోజులు కాలిన వాసన వస్తుంది.

పెట్రోల్‌లో టూ-స్ట్రోక్ ఆయిల్ కలపాలా వద్దా అన్నదాని మీద యజమానులు రెండు పక్షాలుగా చీలిపోయి ఎప్పటికీ తేల్చరు. మేం కలపమనే పక్షం. కారణం ఇదీ: 2008 వరకూ వచ్చిన మొదటి తరం బండ్లలో హౌసింగ్‌కు రెండే ఆయిల్ రంధ్రాలు, అవీ అంచుల వైపు. అపెక్స్ సీల్ మధ్యభాగానికి అందేది తక్కువ. తర్వాతి తరంలో మాజ్దా మూడో రంధ్రం పెట్టి, ఎలక్ట్రిక్ పంపులు వేసి దీన్ని సరిదిద్దింది. ఉన్నదాన్ని సరిదిద్దారంటే లోటు ఉన్నట్టే కదా. తక్కువ పొగ వచ్చే జేఏఎస్ఓ ఎఫ్‌డీ రకం ఆయిల్ లీటరు పెట్రోల్‌కు 4 నుంచి 5 మిల్లీలీటర్లు చాలు. 50 లీటర్లు పోయించేటప్పుడు 200 నుంచి 250 మిల్లీలీటర్లు, అదీ పెట్రోల్ కన్నా ముందు పోస్తే బాగా కలుస్తుంది. ఎక్కువ పోస్తే ఇంకా మంచిదనుకోకండి. ప్లగ్గులు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ పాడవుతాయి.

తర్వాతిది ఇగ్నిషన్. ఈ లేఖలో ఒక్క పేరా చదివే ఓపికే ఉంటే ఇది చదవండి. ఆర్‌ఎక్స్-8కు నాలుగు కాయిల్స్ (ప్లగ్గులకు స్పార్క్ కరెంటు ఇచ్చేవి), నాలుగు ప్లగ్గులు. కాయిల్స్ 50,000 కిలోమీటర్ల దగ్గర్నుంచి నీరసపడటం మొదలుపెడతాయి. ఒక్కసారిగా చచ్చిపోవు, అదే చిక్కు. స్పార్క్ బలహీనమవుతుంది, ఐడిల్‌లో చిన్న తడబాటు, మైలేజీ ఇంకాస్త తగ్గుదల. చెక్ ఇంజన్ లైటు వెలగకపోవచ్చు కూడా. కాలకుండా మిగిలిన పెట్రోల్ నేరుగా క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. లోపలి గూళ్ళు కరిగి దారి మూసుకుపోతుంది. బయటికి పోలేని వేడి పొగ వెనక్కి తన్ని సీల్స్ దగ్గర చేరుతుంది. అంతటితో ఇంజన్ కథ ముగుస్తుంది. నాలుగు కాయిల్స్ ఖర్చుతో పోయేది ఇంజన్ దాకా వస్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

కాబట్టి కాయిల్స్, వైర్లు, ప్లగ్గులు ఒకే సెట్‌గా 50,000 కిలోమీటర్లకు మార్చండి. ప్లగ్గులు దానికన్నా ముందే మార్చినా నష్టం లేదు. పాత బండి కొన్నప్పుడు ఎప్పుడు మార్చారో రసీదు లేకపోతే మార్చలేదనే అనుకోండి. ప్లగ్గులు రెండు రకాలు. కింద ఉండేది లీడింగ్, ఎన్‌జీకే ఆర్‌ఈ7సీ-ఎల్. పైన ఉండేది ట్రెయిలింగ్, ఆర్‌ఈ9బీ-టీ. హీట్ రేంజ్ వేరు కాబట్టి ఒకదాని చోట ఇంకోటి బిగించకూడదు. వైర్లు తీసేముందు ఏది ఎక్కడిదో టేపు అంటించి రాసుకోండి. పైదీ కిందిదీ తారుమారైతే స్పార్క్ పడాల్సిన సమయం మారిపోతుంది. కన్వర్టర్ మూసుకుపోయిందని అనుమానం వస్తే ముందున్న ఆక్సిజన్ సెన్సర్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజ్ పెట్టి చూడటం తేలిక. 3,000 ఆర్‌పీఎం దగ్గర ముల్లు గట్టిగా లేచిందంటే దారి మూసుకుపోయినట్టే. చీకట్లో అడుగున ఎర్రగా మెరిసే కన్వర్టర్ కనిపిస్తే గేజ్ కూడా అక్కర్లేదు, బండి ఆపేయండి.

మూడోది ఫ్లడింగ్. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి, బండిని గరాజ్ నుంచి బయటికి నాలుగడుగులు జరిపి వెంటనే ఆపేశారనుకోండి. చలికి ఎక్కువగా చిమ్మిన పెట్రోల్ అలాగే ఉండిపోయి గోడల మీది ఆయిల్ పొరను కడిగేస్తుంది, ప్లగ్గులు తడిసిపోతాయి. తర్వాతిసారి తిప్పితే అందుకోదు. స్టార్ట్ చేస్తే కనీసం ఉష్ణోగ్రత ముల్లు కదిలేదాకా నడపండి. తప్పనిసరిగా ముందే ఆపాల్సి వస్తే, 3,000 దగ్గర పది సెకన్లు ఉంచి, ముల్లు దిగుతుండగా తాళం తిప్పండి.

ఇప్పటికే ఫ్లడ్ అయితే యాక్సిలరేటర్ నేలకు తొక్కి పది సెకన్లు తిప్పండి. అలా తొక్కితే కంప్యూటర్ పెట్రోల్ ఆపేస్తుంది, లోపలిది గాలితో ఆరుతుంది. అరనిమిషం విరామమిచ్చి మళ్ళీ చేయండి. మూడుసార్లకూ అందుకోకపోతే స్టార్టర్‌ను హింసించకండి. బ్యాటరీకి చార్జర్ పెట్టి, ప్లగ్గులు తీసి ఆరబెట్టి, ప్లగ్గులు లేకుండా ఒకసారి తిప్పి లోపలి పెట్రోల్ బయటికి వెళ్ళనిచ్చి, ఒక్కో రోటర్‌కు టీస్పూను ఆయిల్ వేసి బిగించండి. ఆ ఆయిల్ సీల్స్‌ను తడిపి కంప్రెషన్ తెస్తుంది, అందుకున్నాక నిమిషం పాటు తెల్లటి పొగ వస్తుంది, భయపడకండి. బండిని లాగి స్టార్ట్ చేయడం మాత్రం వద్దు.

చల్లదనం విషయంలో డాష్‌బోర్డు మీది ముల్లును నమ్మకండి. చాలా పెద్ద పరిధిలో అది మధ్యలోనే నిలబడి ఉండేలా చేశారు. అది పైకి లేచేసరికి నష్టం జరిగిపోయి ఉంటుంది. రోటరీలో ఒక పక్క ఎప్పుడూ మంట, ఇంకో పక్క ఎప్పుడూ చల్లటి గాలి. అల్యూమినియం హౌసింగ్, ఇనుప పలకలు ఒక్కోటి ఒక్కోలా వ్యాకోచిస్తాయి. ఒక్కసారి గట్టిగా వేడెక్కితే మధ్యలోని కూలెంట్ సీల్స్ దెబ్బతింటాయి. కారు కంప్యూటర్ లెక్కలు చదివే ఓబీడీ పోర్టుకు చిన్న రీడర్ పెట్టి అసలు అంకె చూడండి. 105 డిగ్రీలు దాటితే జోరు తగ్గించాలి, 110 దాటితే ఆపాలి. కూలెంట్ డబ్బాలోని లెవెల్ సెన్సర్ తరచూ పాడై ఊరికే లైటు వెలిగిస్తుంది. దాంతో యజమానులు ఆ లైటును పట్టించుకోవడం మానేస్తారు. ఒకరోజు నిజంగానే కూలెంట్ తగ్గుతుంది. డబ్బా మార్చేస్తే లైటు మాట మళ్ళీ నమ్మొచ్చు. మూత కూడా కొన్నేళ్ళకోసారి కొత్తది వేయండి.

మొదటి తరం బండ్లలో ఆయిల్ ప్రెషర్ గేజ్ కూడా అలంకారమే. వెనక ఉన్నది స్విచ్చు, ప్రెషర్ ఉంటే మధ్యకు, లేకపోతే కిందికి. అసలు గేజ్ వేయించుకోవడం డబ్బు దండగ కాదు.

ఇక ఈ కారులో అన్నిటికన్నా సంతోషంగా చేసే మెయింటెనెన్స్. ఇంజన్ పూర్తిగా వేడెక్కాక, ప్రతి ప్రయాణంలో ఒక్కసారైనా రెడ్‌లైన్ దాకా తీసుకెళ్ళండి. జాగ్రత్త పేరుతో 3,000 లోపే నడిపిన బండ్లలో మసి ఎక్కువ. ఇంకో కారణం కూడా ఉంది. ఆరు పోర్టుల (గాలి లోపలికి వచ్చే ఆరు రంధ్రాలున్న) ఇంజన్‌లో గాలి దారులు విడతలుగా తెరుచుకుంటాయి: సుమారు 3,750 దగ్గర సెకండరీ వాల్వు, 6,250 దగ్గర ఆగ్జిలరీ పోర్టులు, 7,250 దగ్గర మరో దారి. ఎప్పుడూ ఆ వేగం చూడని బండిలో అవి మసిపట్టి బిగుసుకుపోతాయి. 4,000 దాటినా లాగుడు పెరగడం లేదంటే కాయిల్స్‌తో పాటు సెకండరీ వాల్వును కూడా విప్పి క్లీనర్‌తో కడగండి. చల్లటి ఇంజన్‌ను మాత్రం 4,000 దాటించకండి.

ఒక చిట్కా, చూసేవాళ్ళు నవ్వుకున్నా సరే. షాఫ్ట్ సెన్సర్ తీసి తుడిచాక, బ్యాటరీ మార్చాక మొదటి తరం బండ్లలో కంప్యూటర్‌కు కొత్తగా నేర్పాలి. ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ ఆన్ చేసి, ఎనిమిది సెకన్లలో ఇరవైసార్లు బ్రేకు తొక్కాలి. ఆయిల్ ప్రెషర్ ముల్లు ఒకసారి పైకి లేచి పడిందా, పని జరిగింది. అలంకారం గేజ్‌కు ఇదొక్కటే ఉద్యోగం.

మిగతా బండి గట్టిదే. చూడాల్సినవి కొన్నే. క్లచ్ పెడల్ బ్రాకెట్‌లో స్పాట్ వెల్డులు విడిపోతాయి. పెడల్ కిర్రుమంటే, గేర్లు పడటం కష్టమైతే గేర్‌బాక్స్ విప్పేముందు టార్చి వేసి బ్రాకెట్ చూడండి. పవర్ స్టీరింగ్ హఠాత్తుగా బరువెక్కి, ఆపి స్టార్ట్ చేస్తే మామూలైతే స్టీరింగ్ మోటారు కనెక్టర్లలో తుప్పు ఉండొచ్చు. వాటిని శుభ్రం చేయకుండా ర్యాక్ మార్చేస్తే ఖర్చు తప్ప ఫలితం ఉండదు. రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లో ఆయిల్ కూలర్ గొట్టాల జాయింట్లు తుప్పు పట్టి కారతాయి, వెనక చక్రాల తోరణాలను, తలుపుల కింది అంచులను తుప్పు తినేస్తుంది.

ఇన్ని చేసినా ఇంజన్ విప్పాల్సి వస్తే, రోటరీలు కట్టిన చెయ్యికే ఇవ్వండి. సీల్స్ అన్నీ కొత్తవి వేయడం తేలిక. హౌసింగ్ లోపలి క్రోమ్ పూత పొరలు లేచిందా, పక్క పలకల మీద సీల్ తిరిగిన చోట గాడి ఎంత లోతు పడింది, ఇవి కొలిచి కాగితం మీద రాసిస్తారా అని ముందే అడగండి. అరిగిన హౌసింగ్‌లో కొత్త సీల్స్ వేస్తే అది రిపేరు కాదు, వాయిదా. పాత ఇంజన్‌ను చంపిన కారణాన్ని తీసేయకుండా కొత్తది బిగించకండి. అవే కాయిల్స్, అదే సగం మూసుకుపోయిన కన్వర్టర్, అదే నీరసపు మీటరింగ్ పంపు మీద కొత్త ఇంజన్ కూర్చుంటే అదీ అదే దారిన పోతుంది. అమెరికాలో ఇంజన్ లోపలి భాగాలకు వారంటీని ఎనిమిదేళ్ళు లేదా లక్ష మైళ్ళకు పెంచి మాజ్దా చాలా ఇంజన్లు మార్చింది. మార్చిన ఇంజన్ ఉందని చెప్పే బండి దొరికితే, దానితో పాటు కాయిల్స్ కూడా మార్చారా అన్నదే మీ తర్వాతి ప్రశ్న కావాలి.

పోయిన ఇంజన్ తీసి పడేసి ఏ వీ8 ఇంజనో దించేవాళ్ళున్నారు. ఎవరి బండి వాళ్ళిష్టం. ముందు చక్రాల మీద బరువు పెరిగాక, ఈ చాసిస్ కట్టిన లెక్క తప్పిపోతుందని మాత్రం మా అభిప్రాయం.

మెకానిక్‌లకు చివరగా: బండి మీ దగ్గరికి ‘‘మిస్‌ఫైర్’’ అని వస్తే కాయిల్స్, ‘‘లాగుడు లేదు’’ అని వస్తే కన్వర్టర్, ‘‘వేడి మీద అందుకోవడం లేదు’’ అని వస్తే కంప్రెషన్, ఈ వరసలో చూడండి. ఇంజన్ పోయిందన్న మాట ఆరు అంకెలు చేతిలో లేకుండా యజమానికి చెప్పొద్దు. యజమానులు గ్లవ్‌బాక్స్‌లో చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి: ఎన్ని కిలోమీటర్ల దగ్గర ఎంత ఆయిల్ పోశారు, కాయిల్స్ ఎప్పుడు మార్చారు, ఏటా కొలిపించిన ఆరు అంకెలు ఎంతెంత. బండి అమ్మేరోజున తాళంతో పాటు ఆ పుస్తకం కూడా ఇవ్వండి.

ఇట్లు,
ఆర్‌ఎక్స్-8 పాత యజమానులు కొందరు